లైబ్రరీ గోడ మీద అబ్దుల్ హమీద్ బొమ్మ: ఎన్ని ట్యాంకులని రాయాలి?

వింజమూరు కుర్రాడు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో వింజమూరు పక్కన చిన్న ఊరు. ఊళ్లో పాత గది ఒకటి ఖాళీగా పడుంటే శుభ్రం చేసి, బీరువాలు తెచ్చి, లైబ్రరీ పెట్టుకున్నాం. డబ్బు చాలావరకు మా ఊరి మిలిటరీ తాతది. ఆయన 1965 యుద్ధంలో ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవరు. పంజాబ్ వైపు గుళ్లు, రేషను మోసిన మనిషి. పోయిన సంక్రాంతి ముందు కాలం చేశాడు. మంచంలో పడ్డాక మమ్మల్ని పిలిచి, పెన్షన్‌లో దాచుకున్నది చేతిలో పెట్టి, పిల్లలకు పుస్తకాలు కొనండన్నాడు. ఇంకొక్కటే అడిగాడు: "నా ఫొటో పెట్టబాకండి రా. హమీద్ సాబ్ బొమ్మ వేయించండి."

మాకు తెలిసిన హమీద్ సాబ్ అంటే తాత ఇంట్లో గోడకున్న ఫ్రేమే. అందులో ఉండేది ఫొటో కూడా కాదు, 3 రూపాయల పోస్టల్ స్టాంపు. 2000లో విడుదలైందట. ఒక పక్క ఆయన ముఖం, ఇంకో పక్క జీపు, జీపు మీద పొడుగాటి గన్ను. క్యాలెండరంత ఫ్రేములో నల్ల చార్టు పెట్టి, సరిగ్గా మధ్యలో ఆ స్టాంపు అతికించాడు తాత. చూడాలంటే మొహం గోడకు ఆనించాల్సిందే. చిన్నప్పుడు అందరం నవ్వేవాళ్లం.

ఇప్పుడు కలిగిరి నుంచి పెయింటర్‌ను పిలిపించి గోడ మీద బొమ్మ వేయిస్తున్నాం. కింద రాసే మాటలు ఇవి: "పరమవీర చక్ర అబ్దుల్ హమీద్, 4వ గ్రెనేడియర్స్. జీపు మీద నుంచి ___ ప్యాటన్ ట్యాంకులను ధ్వంసం చేసి 1965 సెప్టెంబరు 10న వీరమరణం పొందారు."

ఆ ఖాళీ దగ్గరే గొడవ. తాత ఎప్పుడూ ఏడు అనేవాడు. హైస్కూలు సోషల్ సారేమో మూడే, ప్రభుత్వం రాసింది అదే అంటున్నారు. మా చిన్నాయన కొడుకు ఫోన్లో చూసి ఎనిమిది అంటాడు. పెయింటర్ ఖాళీ వదిలేసి, తేల్చుకున్నాక ఫోన్ చేయమని ఇంటికి పోయాడు. సెప్టెంబరు 10నే లైబ్రరీ తెరవాలని మా టెన్షన్. గట్టిగా తెలిసిన వాళ్లు చెప్పండి.

కావలి బుల్లోడు

ఎనిమిది రాసెయ్యి బ్రో. పెద్ద నంబరే బాగుంటుంది. ఎవరొచ్చి లెక్కపెడతారు?

ఉదయగిరి హవల్దార్ (రిటైర్డ్)

బాబూ, ఎవరూ లెక్కపెట్టరని రాసేదైతే గోడ దాకా ఎందుకు, వాట్సాప్ చాలు. పైనాయన మాట వినబాక.

నేను ఉదయగిరి తాలూకా మనిషిని. ఇప్పుడు నెల్లూరు వేదాయపాళెంలో ఉంటున్నా. ఇన్‌ఫంట్రీలో చేసి హవల్దారుగా దిగిపోయా. సర్వీసులో ఎక్కువ కాలం నా చేతిలో ఉన్నది ఆ స్టాంపు మీది గన్నే, 106 ఎంఎం ఆర్సీఎల్, అంటే వెనక్కి తన్నని రీకాయిల్‌లెస్ గన్ను. అందుకని లెక్క తర్వాత చెప్తా. ముందు గన్ను గురించి వినండి, అది తెలియకుండా ఆయన చేసిన పని అర్థం కాదు.

మామూలు ఫిరంగి పేలితే వెనక్కి తంతుంది. ఆ దెబ్బ ఆపడానికి బరువైన బండి కావాలి. ఆర్సీఎల్‌లో ఆ తన్ను ఉండదు. మందు కాలిన గ్యాసును గొట్టం వెనక నుంచి బయటికి వదిలేస్తారు. అందుకే 200 కిలోల పైచిలుకు గన్నును ఒక జీపు మీద బిగించుకుని తిరగొచ్చు. సుఖం అక్కడే, చావూ అక్కడే. గుండు ముందుకు పోయే క్షణంలోనే వెనక నుంచి పెద్ద మంట, పొగ. పొడి నేలైతే దుమ్ము తాటిచెట్టు ఎత్తున లేస్తుంది. వెనక మనిషి ఉంటే అయిపోయినట్టే. ట్రైనింగులో మాకు గురి కంటే ముందు నేర్పింది వెనక్కి తిరిగి చూడటం. ఒకసారి చూడకుండా లోడ్ చేసినందుకు మా ఉస్తాద్ నన్ను అదే ఎండలో గుండు భుజానేసుకుని గ్రౌండు చుట్టూ పరుగెత్తించాడు. ఒక్కో గుండు 17 కిలోల దాకా ఉంటుంది మరి.

ఇంకో తిరకాసు ఉంది. పెద్ద గొట్టం పైన చిన్న తుపాకీ ఒకటి ఉంటుంది, స్పాటింగ్ రైఫిల్ అంటాం. ముందు దాంతో కాల్చాలి. ఆ చిన్న గుండు మెరుస్తా పోయి ట్యాంకుకు తగిలి తెల్లగా పొగ వస్తే దూరం, గురి సరిపోయినట్టు. అప్పుడు పెద్దది వదలాలి. అంటే అసలు దెబ్బ కొట్టక ముందే నువ్వున్న చోటు ఎదుటివాడికి సగం తెలుస్తుంది. కొట్టాక పూర్తిగా తెలుస్తుంది. చీకట్లో చుట్ట వెలిగించి దాక్కున్నట్టు ఉంటుంది యవ్వారం. కాబట్టి ఆర్సీఎల్ వాడికి ఒకటే సూత్రం: కొట్టు, జాగా మార్చు. జీపుకు ఇనుప రేకు కూడా అడ్డం ఉండదు. రైఫిల్ గుండు తగిలినా డ్రైవరు పోతాడు. ఎదురుగా వచ్చేదేమో 45 టన్నుల దాకా ఉండే ప్యాటన్, దానికి 90 ఎంఎం గన్ను, పైన మెషిన్ గన్లు. అప్పట్లో అమెరికా పాకిస్తాన్‌కు ఇచ్చిన మంచి ట్యాంకులవి.

ఇప్పుడు మనిషి సంగతి. హమీద్ గారిది ఉత్తరప్రదేశ్‌లో ఘాజీపూర్ జిల్లా ధామూపూర్. 1933 జులై 1న పుట్టారు. తండ్రి దర్జీ. ఈయన 1954 డిసెంబరులో గ్రెనేడియర్స్‌లో చేరారు. 1962లో చైనా యుద్ధమప్పుడు 4వ గ్రెనేడియర్స్‌తో నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) వైపు ఉన్నారు. 1965 నాటికి ఆయన ర్యాంకు కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. జనం ఈ ముక్క చదివి దాటేస్తారు. ఆ ఉద్యోగం ఏందంటే కంపెనీకి రేషను, బూట్లు, దుప్పట్లు, సామాను లెక్కలు చూడటం. మా కంపెనీలో ఆ హవల్దారును అందరూ సతాయించేవాళ్లు, సాక్సు చినిగాయనీ, పప్పులో రాళ్లున్నాయనీ. అట్టాంటి పనిలో ఉన్న మనిషి బెటాలియన్‌లో ఆర్సీఎల్ గురికి పేరున్నవాడు. యుద్ధం వచ్చేసరికి ఆ గన్నులు చూసుకునే కమాండర్ అక్కడ లేకపోతే ఆ బాధ్యత ఈయనకు అప్పజెప్పారు. స్టోరు తాళాలు వేరేవాళ్లకిచ్చి జీపెక్కి పోయారన్నమాట.

జాగా ఖేమ్‌కరణ్ సెక్టర్. సెప్టెంబరు 6న మన సైన్యం పంజాబ్‌లో బార్డరు దాటింది. పాకిస్తాన్ తన 1వ ఆర్మర్డ్ డివిజన్‌ను ఖేమ్‌కరణ్ మీదుగా లోపలికి తోసింది. మన 4వ మౌంటెన్ డివిజన్ వెనక్కి జరిగి, అసల్ ఉత్తర్ అనే ఊరి చుట్టూ గుర్రపు లాడం ఆకారంలో కాచుకుంది. నిలువెత్తు చెరకు తోటలు. కాలవలకు గండ్లు కొట్టి చేలల్లోకి నీళ్లు వదిలారు. ట్యాంకులు చెరకులో దారి తెలియక, బురదలో కూరుకుపోయి తిప్పలు పడ్డాయి. మన ట్యాంకులు గొప్పవేం కాదు. డెక్కన్ హార్స్ అనే ట్యాంకుల రెజిమెంట్ దగ్గర ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్‌లు. (డెక్కన్ హార్స్ పుట్టింది నిజాం కాలం హైదరాబాద్ ఫౌజులో. మనోళ్లకు ఈ సంగతి చెప్తే నమ్మరు.) 3వ కావల్రీ దగ్గర సెంచూరియన్‌లు ఉన్నాయి. వీటన్నిటికీ ముందు, చీమా అనే పల్లె దగ్గర కందకాల్లో 4వ గ్రెనేడియర్స్.

ఇక మీ లెక్క. అక్కడ పోరు మూడు రోజులు, 8 నుంచి 10 దాకా. పరమవీర చక్ర సైటేషన్, అంటే అవార్డు ఎందుకిచ్చారో ప్రభుత్వం రాసిన కాగితం, చెప్పేది 10వ తేదీ పొద్దుటి సంగతి మాత్రమే. ఉదయం 8 గంటలకు ఫిరంగులతో దంచి ప్యాటన్‌లతో దాడికి దిగారు. 9 గంటలకల్లా ట్యాంకులు మన ముందు వరసలోకి వచ్చేశాయి. హమీద్ జీపును పక్కకు తిప్పుకుని పోయి, అన్నిటికంటే ముందున్న ట్యాంకును కొట్టారు. జాగా మార్చి ఇంకోదాన్ని తగలబెట్టారు. ఈసారి వాళ్లు జీపును చూశారు. మెషిన్ గన్లు, గుళ్లు అన్నీ దాని మీదే. అయినా ఇంకో ట్యాంకు మీద కాలుస్తూనే ఉన్నారు, అప్పుడు గుండొచ్చి తగిలింది. మీ సారు చెప్పే మూడు ఇక్కడిది. తాత చెప్పిన ఏడు, మీవాడి ఎనిమిది 8, 9 తేదీల్లో కొట్టినవి కూడా కలుపుకున్న లెక్కలు. ఒకటి ఒక్క పూటది, ఇంకోటి మూడు రోజులది. కొట్టుకోవాల్సిన పని లేదు.

పైగా యుద్ధంలో ట్యాంకుల లెక్క తేల్చడం కష్టం. ఒకే ట్యాంకుకు పక్క బెటాలియన్ గన్ను తగులుతుంది, మన ట్యాంకు గుండు తగులుతుంది, అందరూ మాదే అంటారు. కొన్నిటిని బురదలో వదిలేసి సిబ్బంది దిగి పారిపోయారు, వాటిని ఎవరి ఖాతాలో వేస్తారు? మొత్తం మీద అక్కడ పాకిస్తాన్ పోగొట్టుకున్నవి మన లెక్కలో 97. దొరికిన వాటిని భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెట్టి, ఆ జాగాకు ప్యాటన్ నగర్ అని పేరు పెట్టారు. మీ తాత లారీ ఆ దారినే తిరిగి ఉంటుంది.

నా మాటగా ఒకటి. ఖాళీలో అంకె వద్దు. పెద్దది రాస్తే ఎవడో ఒకడు ఫోను తీసి తప్పంటాడు, చిన్నది రాస్తే మీ ఊరి ముసలోళ్లు తాతను అబద్ధాలకోరు చేశారంటారు. ఏం చేశాడో రాయండి: "ముందున్న ట్యాంకును కొట్టి, జాగా మార్చి మరోదాన్ని తగలబెట్టి, ఇంకోదాని మీద కాలుస్తూ". జాగా మార్చి అనే ముక్క మాత్రం తీయబాకండి.

పెన్నా ఒడ్డు

మంచి సమాచారం హవల్దార్ గారూ. కానీ నాకో సందేహం, తప్పుగా అనుకోవద్దు. యూపీ ఆయన బొమ్మ మన వింజమూరులో ఎందుకు? మన జిల్లా నుంచి, ప్రకాశం నుంచి ఆర్మీలో చేసినవాళ్లు బోలెడుమంది. ఆ లైబ్రరీకి డబ్బిచ్చిన తాత బొమ్మే వేస్తే పిల్లలకు దగ్గరగా ఉంటుంది కదా.

వింజమూరు కుర్రాడు

మేమూ అదే అన్నాం సార్. ఆయన ఒప్పుకోలేదు. "నేను లారీ తోలా, ఆయన గన్ను కొట్టాడు" అన్నాడు. తాతకు సమర్ సేవా స్టార్ అనే యుద్ధ పతకం కూడా ఉంది, పెట్టెలోంచి తీసేవాడే కాదు. చనిపోయేవాడి మాట కాదనలేం కదా.

ఉదయగిరి హవల్దార్ (రిటైర్డ్)

పెన్నా ఒడ్డు గారూ, అడగాల్సిందే అడిగారు. ఇప్పటిదాకా పరమవీర చక్ర వచ్చింది 21 మందికి. అందులో తెలుగువాళ్లు లేరు. మహావీర చక్ర అయితే గల్వాన్‌లో పోయిన కర్నల్ సంతోష్ బాబుకు వచ్చింది, ఆయనది సూర్యాపేట. 1965 యుద్ధానికి పరమవీర చక్ర ఇచ్చింది ఇద్దరికే: హమీద్, ఇంకొకరు పూనా హార్స్ అనే ట్యాంకుల రెజిమెంట్ లెఫ్టినెంట్ కర్నల్ తారాపోర్. ఇద్దరి పేర్లూ ట్యాంకుల పోరాటాల్లోవే.

మన జిల్లా వాటా కూడా అందులో ఉంది. హమీద్ గారి మెడల్‌ను 1966 జనవరి 26న ఆయన భార్య చేతిలో పెట్టింది రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ సర్వేపల్లి మనదే, నెల్లూరు పక్కన వెంకటాచలం మండలంలో ఉంది. వాళ్ల పెద్దల ఊరు. ఇంటిపేరు ఆ ఊరిది, ఇచ్చిన చెయ్యి ఆ ఇంటిది. ఇంకేం చుట్టరికం కావాలి?

ఆర్మీలో ఉన్నవాడికి ఈ మా జిల్లా, మీ జిల్లా అంతగా పట్టదు. నా గన్ను లోడరు బీహారీ, డ్రైవరు హర్యానా జాట్. గొట్టం ఎవరు తుడవాలనే దాని మీద రోజూ తగువు పడేవాళ్లం, ఊళ్ల మీద మాత్రం ఎప్పుడూ పడలేదు. ఫిరోజ్‌పూర్‌లో ఉన్నప్పుడు సెలవు రోజున అసల్ ఉత్తర్ పోయాను. రోడ్డు పక్కనే సమాధి. నేను చూస్తుండగానే పంజాబీ రైతు ఒకాయన ట్రాక్టరు ఆపి, చెప్పులు విడిచి లోపలికొచ్చి, దండం పెట్టుకుని మళ్లీ ట్రాక్టరెక్కి పోయాడు. ఏం మొక్కుకున్నారని అడిగితే, "మొక్కేం లేదు, మా పొలం ఇదే కదా" అన్నాడు. పక్క చేనే ఆయనది. ఏటా సెప్టెంబరు 10న అక్కడ మేళా జరుగుతుంది. వాళ్లకు లేని పట్టింపు మనకెందుకండీ.

పెన్నా ఒడ్డు

సర్వేపల్లి సంగతి చెప్పి నా నోరు మూయించారు. బాగుంది. అయితే తాత పేరు కూడా ఎక్కడో ఒక మూల వేయండి, చందా ఇచ్చినవారిగా అయినా. అది మాత్రం నేను వదలను.

ఫౌజీ ఇంటి కోడలు

నేను ఒంగోలు. మా మావగారు ఆర్మీ, మా ఆయన ఆర్మీ. ఇందాకటి నుంచి ట్యాంకులు, గన్నులు చదువుతా ఉన్నా. హవల్దార్ అన్నయ్యా, "ఆయన భార్య" అని ఒక్క మాటలో దాటేశారు. ఆవిడ పేరు రసూలన్ బీబీ. నాలుగేళ్లు, ఐదేళ్లు కాదు, ఆయన పోయాక యాభై ఏళ్ల పైన బతికింది. 2019 ఆగస్టులో పోయింది. ఆయన పోయేనాటికి ఇంట్లో ఐదుగురు పిల్లలు, నలుగురు మగ, ఒక ఆడ. ఆయన పోయిన వారంలోపే, సెప్టెంబరు 16న, అవార్డు ప్రకటించేశారు. ఆ వారం ఆ ఇల్లు ఎట్టా ఉండి ఉంటుందో మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. రేడియోలో పేరు మోగుతా ఉంటుంది, గుమ్మం ముందు జనం, లోపల పొయ్యి వెలగదు.

పెద్దవయసులో కూడా ఆవిడ ఊరుకోలేదు. ఆయన పేరు మీద ఊళ్లో జరిగే కార్యక్రమానికి ఆర్మీ చీఫ్ రావాలని అడిగింది. 2017 సెప్టెంబరు 10న జనరల్ బిపిన్ రావత్ ఘాజీపూర్ వచ్చి స్మారకాన్ని ఆవిష్కరించారు. అంత పెద్దావిడ పట్టుబట్టి రప్పించుకుంది. మా వీధిలో వీర నారి (అమరుడైన సైనికుడి భార్య) పెన్షన్ కాగితాలు సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే పిన్నమ్మ ఒకామె ఉంది, ఈ సంగతి చెప్తే ఆమె మొహంలో వచ్చిన ధైర్యం నేను చూశాను.

బాబూ, గోడ మీద చోటుంటే కింద ఒక లైను వేయించు: "1966 జనవరి 26న ఈ పతకాన్ని రసూలన్ బీబీ అందుకున్నారు." చోటు లేకపోతే ట్యాంకును కాస్త చిన్నది చేయించు.

కావలి బుల్లోడు

అక్కా, ట్యాంకు చిన్నదైతే బొమ్మలో కిక్కేముంది 😀

ఫౌజీ ఇంటి కోడలు

నీ కిక్కు కోసం కాదు నాయనా ఆ గోడ.

వింజమూరు కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి లైబ్రరీలో కూర్చుని ఇదంతా గట్టిగా చదివి వినిపించాను. సోషల్ సారు, మా చిన్నాయన కొడుకు ఇద్దరూ చల్లబడ్డారు. ఒక్క పూటది, మూడు రోజులది అని హవల్దార్ గారు విడగొట్టి చెప్పిన దగ్గరే తగువు తెగిపోయింది. తాత వాళ్ల తమ్ముడు మాత్రం "మా అన్న ఏడన్నాడంటే ఏడే" అని లేచిపోయాడు. పొద్దున్నే మళ్లీ వచ్చి, అంకె లేకుండా రాస్తే తనకు అభ్యంతరం లేదన్నాడు.

రాయబోయేది ఇది, తప్పులుంటే చెప్పండి:

"పరమవీర చక్ర కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్, 4వ గ్రెనేడియర్స్. ఊరు ధామూపూర్, ఘాజీపూర్ జిల్లా. 1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ సెక్టర్‌లోని చీమా గ్రామం దగ్గర, జీపు మీది గన్నుతో ముందున్న ప్యాటన్ ట్యాంకును కొట్టి, జాగా మార్చి మరోదాన్ని తగలబెట్టి, ఇంకోదాని మీద కాలుస్తూ నేలకొరిగారు. 1966 జనవరి 26న ఈ పతకాన్ని రసూలన్ బీబీ అందుకున్నారు."

తాత పేరు తలుపు పక్కన చిన్న రాయి మీద చెక్కిస్తున్నాం. పెన్నా ఒడ్డు గారి మాట అట్టా నిలబడింది.

ఇంకో చిక్కు వచ్చింది. పెయింటర్ బొమ్మ సగం వేసేశాడు. ఏం వేశాడో తెలుసా, వెనకంతా ఇసుక దిబ్బలు, మూలన ఒక ఒంటె! యుద్ధమంటే రాజస్థానే అనుకున్నాడట. ఇప్పుడు మార్చాలంటే అక్కడ ఏముండాలో సరిగ్గా చెప్పమంటున్నాడు. ఫొటో పెడుతున్నాను, చూడండి.

ఉదయగిరి హవల్దార్ (రిటైర్డ్)

ఫొటో చూశా. ఒంటెను చూసి మా ఇంట్లో మనవడితో సహా అందరం నవ్వుకున్నాం. ముఖం మాత్రం బాగా దించాడు, దాన్ని ముట్టుకోవద్దనండి.

మార్చాల్సినవి చెప్తా. ఇసుక మొత్తం తీసేసి చెరకు వేయమనండి, మనిషి కంటే ఎత్తుగా, దట్టంగా. నేల తడిగా ఉండాలి, అక్కడక్కడ నీళ్లు నిలిచినట్టు. ట్యాంకు ఒకటి పక్కకు ఒరిగి గొలుసులు బురదలో దిగబడినట్టు వేస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది. జీపు ట్యాంకుకు ఎదురుగా వేశాడు, అది తప్పు. పక్క నుంచి రావాలి. ఎదర ఇనుము మందం, పక్కన పల్చన, ఎవరైనా పక్కకే పోతారు. గన్ను వెనక గొట్టం నుంచి మంట, పొగ వేయించండి. నీళ్లు పెట్టిన చేలల్లో దుమ్ము తగ్గుతుందేమో గానీ మంట తగ్గదు. పెద్ద గొట్టం పైన స్పాటింగ్ రైఫిల్ మర్చిపోయాడు, సన్న గీతలాగా అది కూడా గీయమనండి.

రాతలో తప్పుల్లేవు. "ఆయన భార్య" అన్నందుకు ఒంగోలు చెల్లెమ్మ నన్ను సరిగ్గానే అందుకుంది. ఆ ఆఖరి లైను చిన్న అక్షరాల్లో వేయించబాకండి, మిగతాదానికి సమానంగా ఉండాలి.

వింజమూరు కుర్రాడు

పెయింటర్‌కు అంతా చదివి వినిపించా. మా వైపు పొగాకు గానీ చెరకు ఎక్కడుంది సార్, సంక్రాంతికి అమ్మే గడలు తప్ప తోట చూడలేదంటున్నాడు. ఫోన్లో ఫొటోలు చూపించాం, సరేనన్నాడు. ఒంటె చెరిపినందుకు మాత్రం పాపం చాలా బాధపడ్డాడు. దానికే ఒక పూట పట్టిందట.

హవల్దార్ గారూ, 10వ తేదీ మీరు రావాలి. పిల్లలకు ఆ గన్ను గురించి ఇక్కడ రాసినట్టే చెప్పాలి. చెల్లెమ్మ గారూ, మీరు కూడా.

ఫౌజీ ఇంటి కోడలు

మా ఆయన సెలవు దొరికితే ఇద్దరం వస్తాం. లేకపోతే వీడియో కాల్ పెట్టు బాబూ.

ఉదయగిరి హవల్దార్ (రిటైర్డ్)

నేను వస్తా. ఆత్మకూరు మీదుగా పొద్దుటి బస్సు ఎక్కుతా. మైకులు, దండలు పెట్టబాకండి. ఒక బ్లాక్‌బోర్డు, సుద్దముక్క ఉంటే చాలు. ముందు వరసలో ఆ తాత తమ్ముణ్ణి కూర్చోబెట్టండి, ఆయన్తో నాకు 8, 9 తేదీల లెక్క మాట్లాడేది ఉంది.